ఆకుపచ్చ చీటీలో ఆమె ఎక్కడ?

పెద్ద బట్టల దుకాణాల్లో ఇప్పుడు ఒక కొత్త రకం చీటీ వేలాడుతోంది. గోధుమరంగు అట్టముక్క, దానిమీద చిన్న ఆకు బొమ్మ. ఈ చొక్కా తయారీలో ఇన్ని లీటర్ల నీళ్ళు ఆదా చేశాం, ఇందులో ఇంత శాతం పాత ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన దారం ఉంది, మా ఫ్యాక్టరీ కప్పుమీద సూర్యరశ్మితో కరెంటు పుడుతోంది అని ఆ చీటీ చెబుతుంది. నీళ్ళకు లెక్క ఉంది. కరెంటుకు లెక్క ఉంది. పారేసిన సీసాకు కూడా లెక్క ఉంది. ఆ చొక్కా కుట్టిన మనిషికి మాత్రం లెక్క లేదు. ఆమెకు గంటకు ఎన్ని ముక్కల టార్గెట్ పెట్టారో, నెల తిరిగేసరికి చేతికెంత వచ్చిందో, మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఎవరి అనుమతి అడగాలో, సంఘం పెట్టుకుంటే ఉద్యోగం నిలుస్తుందో లేదో ఆ చీటీలో కనిపించదు.

కంపెనీలు తమ వ్యాపారం వల్ల ప్రకృతికి జరిగే హానిని దాచిపెట్టి, చేసిన గోరంత మంచిని కొండంత చేసి చెప్పుకోవడాన్ని గ్రీన్‌వాషింగ్ అంటున్నారు. మనం పచ్చపూత అందాం. ఈ పచ్చపూత గురించి పత్రికల్లోనూ కోర్టుల్లోనూ చాలా చర్చ జరుగుతోంది. అయితే ఆ చర్చలో సాధారణంగా రెండు పక్షాలే కనిపిస్తాయి. ఒకటి అబద్ధం చెప్పే కంపెనీ, రెండోది ఆ అబద్ధం నమ్మి డబ్బు పెట్టే కొనుగోలుదారు. కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ మూడో పక్షంగా కూడా లేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. పచ్చపూత వల్ల మొట్టమొదట నష్టపోయేది ఆ స్త్రీయే. ఆమె ఊపిరి, ఆమె వేతనం, ఆమె సంఘం లెక్కలోకి రానంతకాలం ఏ చీటీనీ మనం పచ్చనిదని ఒప్పుకోనక్కరలేదు.

భవనానికి పతకం, పనిమనిషికి తూటా

బంగ్లాదేశ్ సంగతి చూద్దాం. చైనా తర్వాత ప్రపంచ మార్కెట్‌కు అత్యధికంగా దుస్తులు కుట్టి పంపే దేశాల్లో అదొకటి. అక్కడి పనివాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఇచ్చే ‘లీడ్’ అనే ధ్రువపత్రం పొందిన దుస్తుల ఫ్యాక్టరీలు ఆ దేశంలో ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఇన్ని లేవని అక్కడి యజమానుల సంఘం గర్వంగా చెప్పుకుంటుంది. ఆ ధ్రువపత్రం కోసం భవనంలో నీటి వాడకం, కరెంటు వాడకం, కట్టడానికి వాడిన సామగ్రి, వెలుతురు, గాలి చూస్తారు. అవి చూడవలసినవే. కానీ ఆ భవనంలో పనిచేసే మనిషికి ఎంత ఇస్తున్నారు, ఎన్ని గంటలు కూర్చోబెడుతున్నారు, నోరెత్తితే ఏం చేస్తున్నారు అన్నవాటి మీద ఆ పతకం ఆధారపడదు.

2023 అక్టోబరు, నవంబరు నెలల్లో ఢాకా, గాజీపూర్ ప్రాంతాల్లో వేలాది మంది దుస్తుల కార్మికులు వీధుల్లోకి వచ్చారు. నెలకు 23,000 టాకాల కనీస వేతనం అడిగారు. ప్రభుత్వం నియమించిన వేతన బోర్డు 12,500 టాకాలు చాలునంది. ఆందోళనల్లో కనీసం నలుగురు కార్మికులు చనిపోయారు. గాజీపూర్‌లో తూటా తగిలి చనిపోయిన ఒక కుట్టు కార్మికురాలి వయసు ఇరవైమూడేళ్ళు. వేల మంది కార్మికుల మీద, చాలాచోట్ల పేర్లు కూడా లేకుండా, కేసులు పెట్టారు. ఆ సంవత్సరం కూడా పచ్చ భవనాలకు పతకాలు వస్తూనే ఉన్నాయి. కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు కాబట్టి ఆ పరిశ్రమ పచ్చదనంలో ఒక్క మార్కు తగ్గించిన సంస్థ ఏదీ లేదు. ఎందుకంటే వాళ్ళ కొలబద్దలో ఆ గడే లేదు.

అచ్యుతాపురంలో ఊపిరాడని రోజులు

ఇదంతా పక్కదేశం గొడవ అనుకోవడానికి వీల్లేదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ ఇండియా అపెరల్ సిటీ ఉంది. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థకు వెయ్యి ఎకరాలిచ్చి ఏర్పాటు చేసిన ప్రత్యేక ఆర్థిక మండలి అది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది ఆడపిల్లలు, పెళ్ళయిన స్త్రీలు తెల్లవారకముందే వంట ముగించి, క్యారేజీ కట్టుకుని, కంపెనీ బస్సెక్కి అక్కడికి చేరతారు. మన రాష్ట్రంలో స్త్రీలు ఇంత పెద్ద సంఖ్యలో ఒక్కచోట పనిచేసే పారిశ్రామిక ప్రాంతాలు చాలా తక్కువ.

బ్రాండిక్స్ పచ్చదనానికి పేరున్న సంస్థ. శ్రీలంకలోని సీదువలో దాని ఫ్యాక్టరీకి 2008లోనే లీడ్ ప్లాటినం స్థాయి వచ్చింది. ప్రపంచంలో ఆ స్థాయి అందుకున్న మొదటి దుస్తుల ఫ్యాక్టరీ తనదేనని కంపెనీ చెప్పుకుంది. 2019లో బట్టికలోవాలోని మరో ఫ్యాక్టరీ వాతావరణంలోకి వదిలే నికర కర్బనం సున్నా అనే ధ్రువపత్రం పొందింది. 2020 అక్టోబరులో అదే సంస్థకు చెందిన మినువాంగొడ ఫ్యాక్టరీలో వెయ్యి మందికి పైగా కార్మికులకు కోవిడ్ సోకింది. గాలిలోకి వదిలే కర్బనాన్ని గ్రాముల్లో లెక్కపెట్టగల పరిశ్రమకు, ఒకే కప్పుకింద పక్కపక్కన కూర్చున్న మనుషుల ఊపిరి సంగతి ఆలస్యంగా గానీ తెలియలేదు.

ఇక అచ్యుతాపురం. 2022 జూన్ 3న ఆ అపెరల్ సిటీలోని సీడ్స్ ఇంటిమేట్ అపెరల్ అనే ఫ్యాక్టరీలో పనిచేస్తున్న స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు కళ్ళమంటలు, వాంతులు, తలతిరుగుడుతో కుప్పకూలారు. సుమారు రెండు వందల మందిని ఆస్పత్రులకు తరలించారు. పక్కనున్న పోరస్ లేబొరేటరీస్ నుంచి వాయువు వచ్చిందని మొదట అనుమానించి కాలుష్య నియంత్రణ మండలి దాన్ని మూయమంది. తర్వాత పరీక్షల్లో క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు పేరు బయటికొచ్చింది. విచారణలు, కమిటీలు నడుస్తుండగానే, రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 2న అదే ఫ్యాక్టరీలో మళ్ళీ అదే జరిగింది. ఈసారి వంద మందికి పైగా స్త్రీలు ఆస్పత్రి పాలయ్యారు. అప్పుడు గానీ ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీని తాత్కాలికంగా మూయించలేదు.

మొదటి ఘటనకు కారణం పూర్తిగా తేలకుండానే ఆ స్త్రీలను మళ్ళీ అదే హాలులోకి ఎవరు పంపారు? ఈ గాలి పీల్చవచ్చో లేదో చెప్పమని వాళ్ళ ప్రతినిధులను ఎవరైనా అడిగారా? ‘మేం ఈరోజు లోపలికి వెళ్ళం’ అని చెప్పే హక్కు వాళ్ళకు కాగితం మీద ఉండవచ్చు, కానీ ఆ మాట అన్నాక మరునాడు గేటులోకి రానిస్తారన్న భరోసా ఎక్కడుంది? బట్టల ఫ్యాక్టరీకి పచ్చపతకాలు ఎన్నున్నా, పక్కన రసాయనాలు మరిగే కొలిమి ఉంటే, రెంటికీ మధ్య ఉన్నది ఒక గోడే. అచ్యుతాపురం పారిశ్రామిక మండలిలోనే 2024 ఆగస్టు 21న ఎసెన్షియా అనే మందుల కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. 2020 మే 7న విశాఖ ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఊళ్ళ మీద పడింది. ఈ గాలినే రోజూ పీలుస్తున్న స్త్రీల గురించి మాట్లాడకుండా ‘పర్యావరణ హితమైన దుస్తులు’ అనడం ఎంత హాస్యాస్పదం!

సర్టిఫికెట్ల చరిత్ర మనకు తెలియనిది కాదు

పచ్చ చీటీ కంటే ముందు మరో చీటీ ఉండేది. కార్మికుల పరిస్థితులు బాగున్నాయని చెప్పే సామాజిక తనిఖీ పత్రం. 1990లలో నైకీ వంటి కంపెనీల మీద విద్యార్థులు, కార్మిక సంఘాలు దుమ్మెత్తిపోసినప్పుడు, చట్టాల జోలికి పోకుండా తప్పించుకోవడానికి ఈ తనిఖీల వ్యాపారం పుట్టుకొచ్చింది. తనిఖీ చేసేవాడికి డబ్బిచ్చేది తనిఖీ చేయించుకునేవాడే. దొంగ చేతికి తాళంచెవులివ్వడమంటే ఇదే.

దాని ఫలితం చూశాం. 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ తగలబడింది. కిటికీలకు ఊచలు, మూసిన తలుపులు. 250 మందికి పైగా మాడిపోయారు. సరిగ్గా మూడు వారాల క్రితమే ఆ ఫ్యాక్టరీకి ‘ఎస్.ఎ. 8000’ అనే అంతర్జాతీయ ధ్రువపత్రం ఇచ్చారు. అదే సంవత్సరం నవంబరు 24న ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాక్టరీ కాలిపోయి కనీసం 112 మంది చనిపోయారు. 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది శవాలయ్యారు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. కిందనున్న బ్యాంకు తన సిబ్బందిని రావద్దని చెప్పింది. కుట్టుపనివాళ్ళను మాత్రం రాకపోతే జీతం కోస్తామని బెదిరించి లోపలికి తోలారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీలను యూరప్‌కు చెందిన పేరుమోసిన తనిఖీ సంస్థలు అంతకుముందే చూసి వెళ్ళాయి.

బ్యాంకు ఉద్యోగికీ కుట్టు కార్మికురాలికీ తేడా ఏమిటి? పగులు ఇద్దరికీ కనిపించింది. వెనక్కి తిరిగి వెళ్ళే బలం ఒకరికే ఉంది. ఏ సర్టిఫికెట్టూ ఆ బలాన్ని ఇవ్వదు. రాణా ప్లాజాలో కార్మిక సంఘం గట్టిగా ఉండి ఉంటే ఆ ఉదయం మెట్లెక్కేవాళ్ళు కాదు.

పాత తనిఖీ పత్రం మీద నమ్మకం పోయాక వచ్చినదే కొత్త పచ్చ చీటీ. రంగు మారింది, పద్ధతి మారలేదు. కంపెనీయే కొలుచుకుంటుంది, కంపెనీయే డబ్బిచ్చి ధ్రువపరచుకుంటుంది, కంపెనీయే ప్రకటించుకుంటుంది. పైన పటారం, లోన లొటారం.

మోసపోయింది కొన్నవాళ్ళేనా?

ఈ చీటీల అబద్ధాన్ని కొన్ని ప్రభుత్వాలు పట్టుకున్న మాట నిజమే. 2019లో నార్వే వినియోగదారుల సంస్థ హెచ్ అండ్ ఎమ్ కంపెనీ ‘కాన్షస్’ పేరుతో అమ్మే దుస్తులు ఏవిధంగా మేలైనవో సరిగా చెప్పడం లేదని తప్పుపట్టింది. 2022లో నెదర్లాండ్స్ అధికారులు నిలదీస్తే హెచ్ అండ్ ఎమ్, డెకాథ్లాన్ తమ పచ్చ మాటలను సవరించుకుంటామని ఒప్పుకుని, పర్యావరణ కార్యక్రమాలకు 5 లక్షల యూరోలు ఒకరు, 4 లక్షల యూరోలు ఒకరు ఇస్తామన్నారు. 2024 మార్చిలో బ్రిటన్‌లో ఏసోస్, బూహూ, జార్జ్ కంపెనీలు ఇలాంటి హామీలే ఇచ్చాయి. 2025 ఆగస్టులో ఇటలీ షీన్ కంపెనీకి తప్పుదారి పట్టించే పర్యావరణ ప్రకటనలకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పచ్చపూత ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ‘పర్యావరణ హితం’, ‘గ్రీన్’ అనే మాటలు వాడితే రుజువు చూపాలంది.

ఇవన్నీ మంచివే. కానీ ఈ జాబితాను మరోసారి చదవండి. ప్రతి కేసులోనూ మోసపోయిన మనిషి కొనుగోలుదారే. ఆ యూరోల్లో ఒక్కటైనా కుట్టిన స్త్రీకి చేరిందా? ‘భూమికి మేలు’ అనే మాట నమ్మి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టిన అమ్మాయికి అన్యాయం జరిగిందని చట్టం గుర్తిస్తుంది. ఆ మాటను మోసే బట్టను ఓవర్‌టైం డబ్బులు సరిగా అందకుండా కుట్టిన అమ్మాయికి ఆ కేసులో చోటే లేదు.

ఒక కేసు కొంచెం వేరుగా ఉంది. అదే 2025 ఆగస్టులో ఇటలీ అధికారులు అర్మానీ సంస్థకు 35 లక్షల యూరోల జరిమానా వేశారు. కారణం నీళ్ళూ కాదు, కర్బనమూ కాదు. తాము కార్మికుల విషయంలో నైతికంగా, బాధ్యతగా ఉంటామని చెప్పుకుంటూ, కింద ఉపకాంట్రాక్టు కార్ఖానాల్లో చట్టవిరుద్ధమైన పరిస్థితుల్లో పనిచేయించడం. కంపెనీ దీన్ని కాదంటోంది. అయినా కార్మికుల పరిస్థితి గురించి చెప్పిన మాట కూడా సరుకు గురించి చెప్పిన మాటే, అది అబద్ధమైతే అదీ మోసమే అని ఒక ప్రభుత్వ సంస్థ తేల్చడం మనకు పనికొచ్చే విషయం. ఇక్కడ కూడా జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళ్తుందన్నది మరవకూడదు.

పచ్చదనం ఖర్చు ఎవరి నెత్తిన?

కప్పుమీద సౌరఫలకాలు పెట్టాలి, మురుగునీటి శుద్ధి యంత్రం పెట్టాలి, బొగ్గు బాయిలరు తీసేయాలి అని బ్రాండ్లు ఫ్యాక్టరీలకు షరతులు పెడుతున్నాయి. పెట్టనివ్వండి. ఆ ఖర్చు ఎవరిది? అదే బ్రాండు చొక్కాకిచ్చే ధర ఒక్క పైసా పెంచదు. పైగా నిరుటికంటే తగ్గించమంటుంది, లేకపోతే ఆర్డరు ఇథియోపియాకో కంబోడియాకో పోతుందంటుంది. ఫ్యాక్టరీ యజమాని కరెంటు బిల్లు తగ్గించలేడు, బ్యాంకు వడ్డీ తగ్గించలేడు, దారం ధర తగ్గించలేడు. అతని చేతిలో మిగిలింది ఒక్క లైను టార్గెట్టే. గంటకు ఎనభై ముక్కలు కుట్టేచోట తొంభై అంటాడు. సౌరఫలకాల ఖర్చు చివరికి ఆమె భుజాల నొప్పిలోంచి వసూలవుతుంది.

2020లో కోవిడ్ మొదలవగానే ఈ బ్రాండ్లే బంగ్లాదేశ్‌లో సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లు రద్దు చేశాయి, వాయిదా వేశాయి. కొన్నిచోట్ల కత్తిరించిన, కుట్టేసిన సరుకుకు కూడా డబ్బివ్వలేదు. లక్షలమంది స్త్రీలు ఖాళీ చేతులతో ఊళ్ళకు నడిచారు. సుస్థిరత నివేదికలు అచ్చువేయడం మాత్రం ఆ సంవత్సరం కూడా ఆగలేదు.

నీటి పొదుపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్యాక్టరీ ప్రతి లీటరునూ లెక్కపెట్టి నివేదికలో రాస్తుంది. అక్కడ పనిచేసే స్త్రీలు కూడా నీళ్ళు పొదుపు చేస్తారు, తమ ఒంట్లో. మంచినీళ్ళు తాగితే మరుగుదొడ్డికి లేవాలి, లేస్తే టార్గెట్ తగ్గుతుంది, తగ్గితే సూపర్‌వైజరు నలుగురిలో తిడతాడు. అందుకని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, బహిష్టు రోజుల్లో గుడ్డ మార్చుకోలేక వచ్చే పుండ్లు, నడుం నొప్పులు. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలతో మాట్లాడిన ప్రతి కార్యకర్తకూ ఈ సంగతి తెలుసు. ఏ కంపెనీ నీటి లెక్కలోనూ ఇది ఉండదు.

ఇక సీసాల నుంచి తీసిన పాలియెస్టరు. అది చమురు నుంచి పుట్టిన ప్లాస్టిక్కే. సీసా సీసాగా మళ్ళీ మళ్ళీ తయారవగలదు. దాన్ని దారం చేశాక ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పీచు నీళ్ళలో కలుస్తుంది. సేంద్రియ పత్తి కథా అంతే. మన దేశం నుంచి వెళ్ళిన 20,000 టన్నుల పత్తికి దొంగ ధ్రువపత్రాలు పుట్టించారని సేంద్రియ వస్త్రాల ధ్రువీకరణ సంస్థ ‘గాట్స్’ స్వయంగా 2020లో బయటపెట్టింది. వారానికో కొత్త రకం బట్ట దించి, నాలుగుసార్లు తొడిగి పారేయమని ఊరించే వ్యాపారం ఏ దారంతో నేసినా భూమికి బరువే. ఆ వేగమే కార్మికురాలి టార్గెట్టు, ఆ వేగమే చెత్తకుప్ప. రెండు సమస్యలూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి.

మనం పర్యావరణానికి వ్యతిరేకమా?

కార్మికుల గురించి మాట్లాడగానే ‘పర్యావరణం అక్కరలేదా, ఉద్యోగాలు పోతే ఏం చేస్తారు’ అనే ఎదురుప్రశ్న వస్తుంది. ఒకరిని చూపి ఇంకొకరిని బెదిరించడం యజమానుల పాత విద్య. తిరుప్పూరు అనుభవం చూడండి. అద్దకం ఫ్యాక్టరీల రంగునీళ్ళు నొయ్యల్ నదిని చంపేశాయి. ఒరత్తుపాళయం జలాశయం కింద పొలాలు ఉప్పుబారిపోయాయి. దాన్ని ఆపింది ఏ బ్రాండు పచ్చ చీటీ కూడా కాదు. రైతులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడు వందల వరకూ అద్దకం యూనిట్లను మూయమంది. నది కోసం ఆ తీర్పు అవసరమే. కానీ రాత్రికి రాత్రి పని పోయిన కార్మికులకు ఎవరు జీతమిచ్చారు? ఏళ్ళ తరబడి ఆ రంగునీళ్ళ మీద లాభాలు తీసిన విదేశీ బ్రాండ్లు పైసా విదిల్చలేదు. లాభం వాళ్ళది, విషం రైతుది, పస్తు కూలీది.

రైతు, కార్మికురాలు ఒకరికొకరు శత్రువులు కారు. రంగునీళ్ళు పొలంలోకి వెళ్ళేముందు ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. విషవాయువు ఊరిమీద పడేముందు షిఫ్టులో ఉన్నవాళ్ళ గొంతులోకే దిగుతుంది. పర్యావరణం అంటే ఎక్కడో ఉన్న అడవీ, మంచుకొండా మాత్రమే అనుకుంటే ఈ పరిశ్రమకు సుఖం. ఫ్యాక్టరీ హాలు కూడా పర్యావరణమే, అందులో మొదటి ప్రాణి కార్మికురాలే అని మనం పట్టుబట్టాలి.

సంతకం పెట్టించినచోటే మార్పు

మరి దారి లేదా? ఉంది. రాణా ప్లాజా తర్వాత 2013 మే నెలలో అంతర్జాతీయ కార్మిక సంఘాలు బ్రాండ్ల చేత ‘అకార్డ్’ అనే ఒప్పందం మీద సంతకం పెట్టించాయి. అది స్వచ్ఛందం కాదు, చట్టబద్ధంగా అమలు చేయించుకోదగినది. రెండు వందలకు పైగా బ్రాండ్లు చేరాయి, 1,600కు పైగా ఫ్యాక్టరీలను పరిశీలించి తలుపులు, తీగలు, స్తంభాలు బాగుచేయించారు. ప్రమాదం ఉందనుకుంటే పని మానేసే హక్కును కాగితం మీద రాయించారు. వాల్‌మార్ట్, గ్యాప్ వంటి అమెరికా కంపెనీలు అలాంటి బాధ్యత మాకొద్దని వేరే కుంపటి పెట్టుకున్నాయి. సంతకమంటే వాళ్ళకెందుకంత భయమో ఆలోచిస్తే ఏది నిజమైన మార్పో తెలుస్తుంది.

మనకింకా దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని దిండిగల్. అక్కడ హెచ్ అండ్ ఎమ్‌కు బట్టలు కుట్టే నాచి అపెరల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ళ దళిత కార్మికురాలు 2021 జనవరిలో హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. అతని వేధింపుల గురించి ఆమె ఇంట్లో చెప్పుకుంది. ‘కాన్షస్’ పేరుతో బట్టలమ్మే బ్రాండుకు ఆ మాట వినిపించే ఏర్పాటు ఒక్కటీ ఆ ఫ్యాక్టరీలో పనిచేయలేదు. దళిత స్త్రీల నాయకత్వంలో నడిచే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ కదిలింది. ఆసియా ఫ్లోర్ వేజ్ అలయన్స్ తదితరులు తోడయ్యారు. 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యాజమాన్యం ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్, హెచ్ అండ్ ఎమ్, గ్యాప్, పి.వి.హెచ్. కంపెనీలు ఒప్పందం మీద సంతకం చేయవలసి వచ్చింది. పనిచేసేచోట ప్రతి ఇరవైఅయిదు మందికీ ఒక కార్మికురాలు పరిశీలకురాలిగా ఉంటుంది. వేధింపులను ఆమె నమోదు చేస్తుంది, వాటి మీద చర్య తీసుకోకపోతే యాజమాన్యం వ్యాపారంలో నష్టపోవాల్సి వస్తుంది. కులం, లింగం రెండూ వివక్షలుగా ఆ కాగితంలో చోటుచేసుకున్నాయి. ఒక ప్రాణం పోతే గానీ ఇది రాలేదన్నది బాధాకరం. కానీ పచ్చ చీటీ చేయలేనిది సంఘం చేసింది.

మన ముందున్న పని

పరిస్థితులు మాత్రం ఎదురుగాలిలోనే ఉన్నాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిగంటలను తొమ్మిది నుంచి పదికి పెంచేందుకు ఒప్పుకుంది. స్త్రీల రాత్రి షిఫ్టులకు తలుపు తెరిచింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సమ్మెకు ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు తప్పనిసరి. విషవాయువు పద్నాలుగు రోజుల ముందు నోటీసిచ్చి రాదు. యూరప్ కూడా 2024లో కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర జరిగే హానికి బాధ్యత వహించాలని చట్టం తెచ్చి, 2025లోనే దాన్ని సడలించడానికి పూనుకుంది.

ఇక మన స్వచ్ఛంద సంస్థల ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2013 కంపెనీల చట్టం తర్వాత లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత నిధులుగా వస్తున్నాయి. ఆ డబ్బుతో మనలో చాలామందిమి ఫ్యాక్టరీ గేట్ల లోపలికి వెళ్తున్నాం. ఆరోగ్య శిబిరం, మొక్కలు నాటే కార్యక్రమం, ‘మహిళా సాధికారత’ తరగతి. ఫొటోలు నివేదికలో చేరతాయి. రక్తహీనత పరీక్షలు చేస్తాం, మరుగుదొడ్డి విరామం గురించి మాట్లాడం. ఆత్మవిశ్వాసం గురించి చెబుతాం, సంఘం అన్న మాట పలకం. పలికితే మరుసటి ఏడాది ప్రాజెక్టు ఉండదు. ఈ విధంగా కంపెనీ పచ్చపూతలో మన చేతులు కూడా రంగుపూసే కుంచెలవుతున్నాయి. గేటు లోపలికి వెళ్ళడానికి ‘సంఘం గురించి మాట్లాడవద్దు’ అన్నది షరతయితే, గేటు బయట బస్సుస్టాపు దగ్గర నిలబడడమే మేలు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. పచ్చదనం గురించి ఏ కంపెనీ ఏ ప్రకటన చేసినా, ఆ ప్రకటనతో పాటు ఆ ఫ్యాక్టరీ పేరు, అక్కడి కనిష్ఠ వేతనం, పనిగంటలు, గుర్తింపు పొందిన సంఘం ఉందో లేదో ప్రకటించాలి. 2024 నాటి పచ్చపూత మార్గదర్శకాల కింద కార్మికులు, వాళ్ళ సంఘాలు కూడా ఫిర్యాదు చేసి, జరిమానాలో పరిహారం పొందే వీలు కల్పించాలి. రసాయన పరిశ్రమల పక్కన స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీల్లో గాలి పరీక్షల ఫలితాలు రోజూ తెలుగులో గేటు దగ్గర అతికించాలి. ప్రమాదముందని తోస్తే లేచి బయటికి వచ్చే హక్కు జీతం కోత లేకుండా అమలు కావాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద కమిటీల్లో యాజమాన్యం ఎంపిక చేసినవాళ్ళు కాక కార్మికురాళ్ళు ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అకార్డ్, దిండిగల్ తరహాలో బ్రాండ్లు సంతకం పెట్టే ఒప్పందాలు మన రాష్ట్రానికీ రావాలి.

అవి రావాలంటే ముందు అచ్యుతాపురం బస్సుల్లోంచి దిగే స్త్రీలతో మన మాట మొదలవ్వాలి. వాళ్ళ సెలవు రోజున, వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇళ్ళ ముందు. గాలిలో ఏం తేడాగా ఉందో మొదట పసిగట్టేది వాళ్ళే. లైనులో ఎవరి చేతులు వణుకుతున్నాయో తెలిసేదీ వాళ్ళకే. ఆ బట్ట పచ్చనిదో కాదో చెప్పవలసిందీ వాళ్ళే. వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టిన రోజున ఆ ఆకు బొమ్మను మనమూ నమ్ముదాం.